మా వాడి పాటకి నవ్విన రోజు

ఈ సంక్రాంతికి మా ఇంట్లో జరిగిన సంగతి ఒకటి చెప్పాలి. చెప్పుకోవడానికి కొంచెం సిగ్గుగానే ఉంది. మనలో మనకేముందిలే అని రాస్తున్నా.

కనుమ నాడు మధ్యాహ్నం భోజనాలయ్యాయి. కావలి నుంచి మా ఆడబిడ్డ వాళ్ళు, కలిగిరి నుంచి మా చిన్నమామ వచ్చి ఉన్నారు. అందరం వసారాలో కూర్చుని ఉంటే, మా ఆడబిడ్డ కూతురు ఫోను పట్టుకొచ్చి "అత్తా, బావ పాట విన్నావా?" అంటూ మా పెద్దోడి ర్యాప్ పాట పెట్టింది. మా వాడు నెల్లూరులో బీటెక్ మూడో సంవత్సరం. హాస్టల్లో ఉంటాడు. పాటలు కడుతున్నాడని తెలుసు కానీ, ఏనాడూ కూర్చుని వినింది లేదు.

అర నిమిషం విని చిన్నమామ అన్నారు: "ఏంది అబ్బయా ఇది? పాటా, ఎవురితోనన్నా తగాదా పడతా ఉండావా?"

అందరూ నవ్వారు. అందరికన్నా గట్టిగా నవ్వింది నేనే. నవ్వి ఊరుకున్నానా? "రెండు సబ్జెక్టులు మిగిలిపోయినాయి మామా, వాటి మీద కూడా ఒక పాట కట్టమనండి" అని ఒక మాట విసిరాను.

వాడూ నవ్వాడు. నవ్వుతానే మిద్దె మీదికి పోయాడు. చీకటి పడిందాకా దిగి రాలేదు. మర్నాడు మేనకోడలు చెప్పింది, బావ ఛానల్లో ఉన్న ఏడు పాటలూ తీసేశాడని.

పండగైపోయి వాడు నెల్లూరు వెళ్ళాక గది సర్దుతుంటే మంచం కింద ఒక నోటుబుక్కు దొరికింది. పిల్లల పుస్తకాలు చదవకూడదు, నిజమే. చదివాను. మేము ఆ రోజు నవ్విన పాట అందులో ఉంది. అది మా చేను గురించి. కొండాపురంలో మెట్ట సేద్యం ఎట్లా ఉంటుందో ఇక్కడివాళ్ళకు చెప్పనక్కర్లేదు. మేము మూడు బోర్లు వేయించాం. రెండింట్లో దుమ్ము వచ్చింది. మూడోదానికి అప్పు తెచ్చాం. నీళ్ళు పడినాయి కానీ రెండేళ్ళకే అడుగంటినాయి. బత్తాయి చెట్లు నిలువునా ఎండినాయి. బోరు బండి రాత్రంతా మోగుతుంటే వాళ్ళ నాన్న టార్చిలైటు పట్టుకుని నిలబడిన తీరు, తెల్లారి నేను ఎవరికీ చెప్పకుండా గాజులు తీసి బీరువాలో పెట్టడం, అన్నీ రాశాడు. అప్పుడు వాడికి పదకొండేళ్ళు. నిద్రపోతున్నాడనుకున్నాం మేము.

ఇంత రాసిన పిల్లోడిని చూసి నేను నవ్వాను. కారణం ఒక్కటే, మాటలు వినలేదు. వేగం ఒక్కటే విన్నాను.

అదే నోటుబుక్కులో నాలుగు పేజీల తర్వాత ఇంకో పాట ఉంది. ఎవరో అమ్మాయి కాదన్నదని, ఆ పిల్లని నోటికొచ్చినట్టు అంటూ రాసింది. అది చదివి నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రే ఫోన్ చేశాను. ముందు, నవ్వినందుకు తప్పయిందన్నాను. వాడు ఏమీ మాట్లాడలేదు. తర్వాత రెండో పాట సంగతి అడిగాను.

"ర్యాప్‌లో అట్టనే ఉంటాదమ్మా. అందరూ అట్టనే రాస్తారు."

"మీ నాన్న బోరు గురించి అందరూ రాసినట్టు రాయలేదు గదరా నువ్వు. ఈ పిల్ల దగ్గరకు వచ్చేసరికి అందరి మాదిరి ఎందుకు రాశావు? కాదనడం ఆ పిల్ల ఇష్టం."

అట్నుంచి చప్పుడు లేదు. చాలాసేపటికి "చూస్తాలే మా" అన్నాడు.

ర్యాప్ పాడే పిల్లల మీద మన ఇళ్ళల్లో వినపడే మాటలు రెండు రకాలు. బూతులు ఎక్కువ, ఆడవాళ్ళని చిన్నచూపు చూస్తారు, మత్తుమందుల్ని గొప్పగా పాడతారు అనేది ఒకటి. ఇందులో నిజముంది, ఈ మాట మనం గట్టిగానే అనాలి. ఇంకోటి, అసలు అదొక పాటేనా, అదొక బతుకేనా అనేది. మొదటిది పాట విని అనే మాట. రెండోది వినకుండా అనేది. నేను ఆ రోజు అన్నది రెండోది.

ఇది మనది కాదు, అమెరికా పిచ్చి అంటారు చాలామంది. అమెరికాలో అది ఎట్లా పుట్టిందో వాడి వల్లే తెలుసుకున్నాను. 1973 ఆగస్టు 11న న్యూయార్క్‌లోని బ్రాంక్స్ అనే పేటలో సిండీ క్యాంప్‌బెల్ అనే అమ్మాయి, బడి తెరిచేలోగా కొత్త బట్టలకు డబ్బులు కూడబెట్టుకోవాలని తాము ఉండే అపార్ట్‌మెంట్ హాల్లో ఒక పార్టీ పెట్టింది. ఆడపిల్లలకు పావు డాలరు, మగపిల్లలకు అర డాలరు టికెట్టు. పాటలు పెట్టింది వాళ్ళన్న. తర్వాత డీజే కూల్ హెర్క్ అని లోకమంతా పిలిచింది ఆయన్నే. హిప్ హాప్ పుట్టినరోజుగా ఆ తేదీనే చెప్పుకుంటారు. బడి బట్టల కోసం ఒక ఆడపిల్ల పడిన తంటా అది. మనకు తెలియని కష్టమా?

పోనీ మనకు ఇట్లాంటిది లేదా అంటే, బుర్రకథ లేదూ? నడుమ కథకుడు తంబురా మీటుతూ, వేలికి అందెల దరువు వేస్తూ కథ నడిపిస్తాడు. ఒక పక్క హాస్యగాడు. ఇంకో పక్క రాజకీయం చెప్పేవాడు, అంటే కథ మధ్యలో ఊరి సంగతీ, దొరల సంగతీ ఎత్తి చురకలు వేసేవాడు. ఆ మాట వేగం, ఆ దరువు, ఆ ఎత్తిపొడుపు, ఇప్పుడు ఈ పిలకాయలు చేస్తున్నదీ కొంచెం అట్లాంటిదే. బుర్రకథ నాజర్ గారికి 1986లో పద్మశ్రీ ఇచ్చారు. తిరునాళ్ళల్లో తెల్లవార్లూ బుర్రకథలు విన్న మా అత్తమ్మ ఇప్పుడు అదే తిరునాళ్ళల్లో డీజే పెట్టెల మోత వింటోంది. బుర్రకథకు పిలుపులు తగ్గాయని ఆ కళాకారుల్ని పనికిరానివాళ్ళని ఎవరన్నా అన్నామా?

పిలుపులు తగ్గడం అంటే గుర్తొచ్చింది. మా వాడు ఫోన్లో ఇంకో మాట అన్నాడు: "ఎందుకులే మా, అమెరికాలోనే పడిపోయింది ర్యాప్." అదీ అబద్ధం కాదు. 2025 అక్టోబర్ చివర్లో బిల్‌బోర్డ్ హాట్ 100 జాబితాలో మొదటి 40 పాటల్లో ఒక్క ర్యాప్ పాట కూడా లేదు. 1990 తర్వాత అట్లా జరగడం అదే మొదటిసారి. పాత పాటల్ని జాబితా నుంచి త్వరగా దించేసే కొత్త నిబంధన కూడా దానికి ఒక కారణం. ఏదైతేనేం, గాలి మళ్ళింది. కానీ 2018లో ఇదే ర్యాప్‌కు, కెండ్రిక్ లామర్ ఆల్బమ్‌కు, పులిట్జర్ బహుమతి వచ్చింది. జాబితాలు ఎక్కుతాయి, దిగుతాయి. 1994లో 'ప్రేమికుడు' సినిమాలో పేట ర్యాప్ వచ్చినప్పుడు దానికి గంతులేసింది మన తరమే కదా? అప్పుడు మన అమ్మానాన్నలు కూడా "ఇదేం పాట" అనే అన్నారు.

ఇక డబ్బు సంగతి. ఇది తల్లులకు తెలియాలి. స్పాటిఫైలో ఒక పాటను ఏడాదిలో కనీసం 1000 సార్లు వింటేనే ఆ పాటకు లెక్క కడతారు. అంతకు తగ్గితే పైసా రాదు. 2024 నుంచి ఇదీ పద్ధతి. యూట్యూబ్‌లో ప్రకటనల డబ్బు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వీక్షణ కావాలి. షార్ట్స్ అయితే 90 రోజుల్లో కోటి వీక్షణలు. కొత్తగా పాడే పిల్లలకు ఇది కొండంత. "మీ అబ్బాయికి బాగా పేరు తెప్పిస్తాం, ఇరవై వేలు కట్టండి" అని మాకూ ఒక ఫోన్ వచ్చింది. కట్టలేదు. కాగితాల మీద సంతకం పెట్టమంటే ఇంకా జాగ్రత్త. 2012లో కాపీరైట్ చట్టాన్ని మార్చాక, పాట రాసినవాళ్ళకూ బాణీ కట్టినవాళ్ళకూ రాయల్టీలో వాటా హక్కుగా వచ్చింది. ర్యాప్ పిల్లలు చాలామంది రెండూ వాళ్ళే చేస్తారు. ఒప్పంద పత్రం ఇంటికి తెచ్చి చదివి వినిపించమనండి. అర్థం కాకపోతే తెలిసిన వకీలుకు చూపించండి. గొడవపడి వద్దనడం కన్నా ఇది మేలు.

చదువు మానేసి దీని వెంట పడమని నేను చెప్పను. మా వాడికీ అదే చెప్పాను, ఆ రెండు సబ్జెక్టులూ రాయాల్సిందేనని. మన నెల్లూరు వెన్నెలకంటి గారు స్టేట్ బ్యాంకులో ఉద్యోగం చేస్తూ సినిమా పాటల్లోకి వచ్చారు. బాలు గారి నాన్న సాంబమూర్తి గారు నెల్లూరులో హరికథకులు. ఆయన కూడా కొడుకు ఇంజనీరు కావాలనే అనుకున్నారు. బాలు గారు అనంతపురంలో ఇంజనీరింగ్‌లో చేరి, టైఫాయిడ్ వచ్చి మానేసి, మద్రాసులో చదువు సాగిస్తూ పాటల పోటీలకు వెళ్ళారు. 1966లో మొదటి సినిమా పాట పాడారు. మా వాడు బాలు అవుతాడని కాదండీ నా ఉద్దేశం. లక్షమందిలో ఒక్కరు కూడా కారు. చదువూ పాటా ఒకే ఇంట్లో ఉండొచ్చని మాత్రమే.

ఇంకో సంగతి. ఆ రోజు మేం నవ్వింది మగపిల్లాడిని. ఫోను పట్టుకొచ్చిన ఆ మేనకోడలే ర్యాప్ పాడి ఉంటే? నవ్వడం కాదు, ఫోనే లాక్కునేవాళ్ళం. కాలిఫోర్నియాలో తెలుగు ఇంట్లో పుట్టి, చిన్నప్పుడే కూచిపూడి నేర్చుకున్న శ్వేత యల్లాప్రగడ రావు, రాజకుమారి పేరుతో ర్యాప్ పాడుతుంది. 2019లో ఎంటీవీ హసల్ పోటీకి న్యాయనిర్ణేతల్లో ఒకరిగా కూర్చుంది. అట్లాంటి పిల్లలు మన వసారాల్లో కూడా ఉంటారేమో. మనం వినాలి గదా ముందు.

ఇంతకీ మా ఇంటి సంగతి. ఉగాదికి వచ్చినప్పుడు మా వాడు బోరు పాట ఒక్కటి మళ్ళీ పెట్టాడు. రెండో పాట నోటుబుక్కులోంచి చించేశాడో, మార్చి రాశాడో నేను అడగలేదు. పాటను ఇప్పటికి 214 మంది చూశారు. అందులో పాతిక సార్లు నేనే.

మొన్న చిన్నమామ వస్తే, నోటుబుక్కు ముందు పెట్టి, చదువుతూ వినమన్నాను. కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు విన్నారు. కళ్ళజోడు తీసి, పంచె కొంగుతో తుడుచుకుంటా అన్నారు:

"అంతా బాగుండాది గానీ, మూడో బోరుకు అప్పిచ్చింది నేను. నా పేరు యాడా రాయలేదే వీడు?"