మూడేళ్లొచ్చాక కాదు, మూడో నెలలోనే చూడాలి

నెలలు నిండకుండా, ముఖ్యంగా 32 వారాల లోపు పుట్టిన బిడ్డ మెదడులో అన్నిటికన్నా లేత చోటు నీటి గదుల అంచు. అక్కడి రక్తనాళాలు చాలా పల్చన. రక్తపోటు ఒక్కసారిగా పెరిగితే అవి చిట్లుతాయి. తగ్గితే పక్కనున్న తెల్ల పదార్థానికి ప్రాణవాయువు అందక అది దెబ్బతింటుంది. కాళ్లను కదిలించే నరాల దారులు ఆ అంచును ఆనుకునే దిగుతాయి. అందుకే ఈ పిల్లలకు సెరిబ్రల్ పాల్సీ వస్తే తరచుగా చేతులకన్నా కాళ్లే ఎక్కువ బిగుసుకుంటాయి.

మాడు మెత్తగా ఉన్నన్నాళ్లూ దాని మీదుగా చేసే స్కానింగులో పెద్ద రక్తస్రావం, తెల్ల పదార్థంలో పడిన గుల్లలు కనిపిస్తాయి. అవి కనిపించిన ప్రతి బిడ్డకూ నడక రాదని కాదు. స్కానింగు బాగుందంటే గండం గడిచిందనీ కాదు. కాబట్టి బిడ్డ కదలికలనే చూడాలి. నిండు నెలల లెక్కన, అంటే కాన్పు కావాల్సిన తేదీ నుంచి లెక్కిస్తే, మూడు నుంచి ఐదు నెలల మధ్య, వెల్లకిలా పడుకున్న పసిబిడ్డ మెడ, మణికట్లు, చీలమండలు ఆగకుండా సన్నగా మెలికలు తిరుగుతుంటాయి. ప్రెక్టల్ పద్ధతి నేర్చినవారు కొద్ది నిమిషాల ఫోన్ వీడియో చూసి కూడా ఆ కదలికలు ఉన్నాయో లేదో చెప్పగలరు. అవి లేకపోవడమే ముప్పుకు గుర్తు.

నెల్లూరు జిల్లా ఉదయగిరి, ఆత్మకూరు మెట్ట పల్లెల్లో తేడాను ముందు పట్టేది కాళ్ల మీద పడుకోబెట్టుకుని లాల పోసే అమ్మమ్మే. తొడలు విడదీయబోతే విడవవు, పిడికిలి విప్పదు. ‘వాళ్ల నాన్నా ఆలస్యంగానే నడిచాడులే’ అన్న ఒక్క మాటతో ఏడాది గడిచిపోతుంది. మడమ నేలకానకుండా మునివేళ్ల మీద నిలబడ్డప్పుడుగానీ ఆస్పత్రి గుర్తుకు రాదు. మెదడు చికిత్సకు బాగా స్పందించే కాలం అప్పటికే చాలావరకు చేజారుతుంది.

ఇందులో తప్పు ఆ తల్లులది కాదు. ఉదయగిరి నుంచి నెల్లూరు సుమారు వంద కిలోమీటర్లు. మహిళలకు బస్సు ఉచితమైనా పోయిన కూలి తిరిగిరాదు. ఫిజియోథెరపీ ఒకసారి చేయించి వదిలేసేదీ కాదు. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం ఎదుగుదల లోపాలను ముందే పట్టి చికిత్స ఇప్పించాలనే చెబుతోంది. ఆశా కార్యకర్తలు 3, 6, 9, 12, 15 నెలల్లో ఇంటికి వెళ్లాలన్న నియమమూ ఉంది. రెండు నెలల ముందు పుట్టిన బిడ్డకు ఆరో నెల సందర్శన సరిగ్గా ఆ కదలికలు చూడాల్సిన వేళకే వస్తుంది. ఆరోజు ఆశా చేత వీడియో తీయించి నిపుణులకు పంపడానికి కొత్త భవనమేమీ అక్కర్లేదు.

ఉదయగిరి, ఆత్మకూరు ప్రభుత్వ ఆస్పత్రుల్లో వారానికి కనీసం రెండు రోజులు పిల్లల ఫిజియోథెరపిస్టు ఉండాల్సిందే. నెలలు తక్కువ కాన్పు తప్పదనుకున్నప్పుడు బిడ్డకు రక్షణగా తల్లికి స్టెరాయిడ్, మెగ్నీషియం సల్ఫేట్ సకాలంలో అందాలి. నవజాత శిశువుల ప్రత్యేక సంరక్షణ విభాగం (ఎస్‌ఎన్‌సీయూ) నుంచి ఇంటికి పంపేటప్పుడు, బిడ్డను మళ్లీ చూపించాల్సిన తేదీని నిండు నెలల లెక్క ప్రకారం డిశ్చార్జి చీటీ మీద రాసి, ఆ ఊరి ఆశాకూ తెలియజేయాలి. జిల్లా యంత్రాంగం ఈ ఏర్పాట్లు వెంటనే మొదలుపెట్టాలి.