బరువైనదే అడుగున ఉంటుందా?



శిష్యుల ముందు పొరపాటు పడటం ఉపాధ్యాయునికి కొత్త కాదు. ఆ పొరపాటును ఆ శిష్యుల ముందే దిద్దుకోవడం మాత్రం కష్టం. గత నెలలో మాకు అటువంటి సందర్భం ఎదురైంది. అందువల్ల మేము నేర్చుకున్న సంగతి ప్రతి ఇంటికీ అక్కరకు వచ్చేది కనుక ఈ నెల దానినే మీ ముందుంచుతున్నాము.

మా మదరసా మంచిర్యాలలో ఉంది. చదువుకునే పిల్లలలో చాలామంది శ్రీరాంపూర్, మందమర్రి, నస్పూర్ ప్రాంతాల గని కార్మికుల బిడ్డలు, మనుమలు. అసర్ నమాజు తరువాత ఒక గంటసేపు వారి చేత బడి పాఠాలు కూడా చదివిస్తాము. ఆనాటి పాఠం సాంద్రత. ఒక వస్తువు ఆక్రమించిన చోటులో ఎంత పదార్థం ఇమిడి ఉన్నదో చెప్పే కొలతే సాంద్రత. నీటి సాంద్రతను 1గా తీసుకుంటే, అంతకన్నా తక్కువ ఉన్నది నీటిపై తేలుతుంది, ఎక్కువ ఉన్నది మునుగుతుంది. నూనె నీటిపై తేలడానికీ, తేనె నీటి అడుగుకు చేరడానికీ ఇదే కారణమని వివరించాము.

అప్పుడు పన్నెండేళ్ళ బాలుడొకడు లేచి, "హజ్రత్, బొగ్గు రాతి కింద దొరుకుతుంది కదా! అయితే బొగ్గు రాతికన్నా బరువైనదా?" అని అడిగాడు.

మేము క్షణమైనా ఆలోచించలేదు. "అవును బేటా, బరువైనది కనుకనే అంత లోతున ఉంది" అని చెప్పి పాఠం ముగించాము.

మరునాడు ఇషా తరువాత ఆ బాలుని తాతగారు వచ్చారు. మందమర్రి గనిలో ముప్పై ఏళ్ళకు పైగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్న పెద్దమనిషి. మేమంతా ఆయనను చాచా అని పిలుస్తాము. చేతి సంచిలోంచి ఒక బొగ్గు పెళ్ళనూ, ఒక ఇసుకరాతి ముక్కనూ తీసి మా ముందుంచారు. "మౌలానా సాబ్, తప్పుగా అనుకోకండి. బొగ్గు బరువైనదని పిల్లవాడికి చెప్పారట. ఈ రెండూ చేతిలోకి తీసుకొని చూడండి" అన్నారు. రెండూ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉన్నాయి. రాయి చేతిని కిందికి లాగింది. బొగ్గు అంత లాగలేదు.

చేతి అంచనాతో ఊరుకోవడం ఇష్టం లేక మరునాడు పిల్లలందరి ఎదుట తూచి చూశాము. ఒక గిన్నెను అంచు వరకు నీటితో నింపి, పళ్ళెంలో పెట్టి, బొగ్గు పెళ్ళను మెల్లగా అందులోకి దించాము. పొర్లిన నీటిని తూచాము. బొగ్గు బరువును ఆ నీటి బరువుతో భాగిస్తే దాదాపు 1.4 వచ్చింది. రాతికి అలాగే చేస్తే 2.4 వచ్చింది. మా కిరాణా తక్కెడ నిక్కచ్చి కొలత చెప్పలేకపోవచ్చు. అయినా బొగ్గు తేలికైనదని తేలిపోయింది. బూడిద పాళ్ళను బట్టి బొగ్గు సాంద్రత సాధారణంగా 1.3 నుండి 1.6 వరకు ఉంటుంది. ఇసుకరాయి 2 కన్నా ఎక్కువే తూగుతుంది.

ఈ సందర్భంలో ఒక విషయం ఒప్పుకోవాలి. పొర్లిన నీటితో సాంద్రతను కనుగొనే ఈ పద్ధతిని వెయ్యేళ్ళ క్రితం నిశితంగా ఆచరించిన పండితుడు అల్‌బిరూనీ. క్రీ.శ. 973లో ఖ్వారజ్మ్ ప్రాంతంలో జన్మించారు. ప్రత్యేకంగా ఒక పాత్రను చేయించుకొని లోహాలను, రత్నాలను ఒక్కొక్కటిగా తూచారు. బంగారం నీటికన్నా సుమారు 19 రెట్లు బరువైనదని అప్పుడే లెక్కగట్టారు. ఆ లెక్కలను అల్‌ఖాజినీ 1121లో రచించిన 'మీజానుల్ హిక్మా' అనే గ్రంథంలో భద్రపరిచారు. ఈ మహనీయుల పేర్లను మేము ఎన్నో ప్రసంగాలలో గర్వంగా ఉచ్చరించాము. వారు చేసిన పనిని ఒక్కసారైనా చేసి చూడలేదు. ఒక గని కార్మికుడు వచ్చి మా చేత చేయించవలసి వచ్చింది.

ఇక అసలు ప్రశ్న అలాగే మిగిలింది. బొగ్గు తేలికైనదైతే రాతి కిందికి ఎలా వెళ్ళింది? పిల్లలు చాచా వైపు చూశారు. ఆయన నవ్వి, "బొగ్గు రాతి కిందికి పోలేదు. బొగ్గు మీదికే రాయి వచ్చింది" అన్నారు.

ఆ ఒక్క మాటలో గోదావరి లోయ చరిత్ర అంతా ఉంది. సుమారు 25 నుండి 30 కోట్ల సంవత్సరాల క్రితం మన దేశం గోండ్వానా అనే మహాఖండంలో భాగంగా ఉండేది. నేటి ప్రాణహిత, గోదావరి నదుల ప్రాంతం అప్పుడు మెల్లమెల్లగా కుంగుతున్న పల్లపు నేల. అక్కడి చిత్తడిలో గ్లోసోప్టెరిస్ జాతి చెట్లు దట్టంగా పెరిగేవి. రాలిన ఆకులు, విరిగిన కొమ్మలు నీటిలో గాలి తగలక పూర్తిగా కుళ్ళకుండా పేరుకుపోయాయి. ఆ తరువాత నదులు ఇసుకను, బంకమన్నును తెచ్చి వాటిపై పరిచాయి. నేల ఇంకా కుంగింది, మళ్ళీ అడవి పెరిగింది, మళ్ళీ ఇసుక కప్పింది. పై బరువుకూ లోపలి వేడికీ ఆకులు అలములు బొగ్గుగా, ఇసుక ఇసుకరాయిగా మారాయి. గనిలో ఒక బొగ్గు పొర, దానిపై రాయి, ఆపైన మరొక బొగ్గు పొర కనిపించడానికి కారణం ఇదే.

కనుక మన గనులలోని పొరల వరుస బరువును బట్టి ఏర్పడినది కాదు, కాలాన్ని బట్టి ఏర్పడినది. ముందు పడినది కింద, తరువాత పడినది పైన. భూగర్భ శాస్త్రజ్ఞులు ఈ లోయలో అన్నిటికన్నా అడుగున ఉన్న గోండ్వానా పొరలను తాల్చీర్ అనీ, వాటిపై బొగ్గు ఉన్న పొరలను బరాకర్ అనీ, ఆపై వాటిని కామ్తి అనీ పిలుస్తారు. ఇంకా పైన కోట పొరలున్నాయి. మన ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలోని యామన్‌పల్లి వద్ద ఆ పొరలలోనే రాక్షసబల్లి ఎముకలు లభించాయి. కోటాసారస్ అని పేరు పెట్టిన ఆ జీవి అస్థిపంజరాన్ని హైదరాబాదులోని బిర్లా సైన్స్ మ్యూజియంలో చూడవచ్చు. బొగ్గుగా మారిన అడవికీ ఆ జీవికీ మధ్య కోట్ల సంవత్సరాల ఎడముంది.

రాతి పొరలు ఒకదాని తరువాత ఒకటిగా, వేర్వేరు కాలాల్లో పేరుకుంటాయని ఇబ్నె సీనా తన 'అష్షిఫా'లో వివరించారు. అల్‌బిరూనీ మన దేశపు మైదానాలను గమనించి, పర్వతాల దగ్గర నది రాళ్ళు పెద్దవిగా, దిగువకు పోయేకొద్దీ చిన్నవిగా, చివరకు ఇసుకగా ఉన్నాయని గుర్తించారు. ఒకప్పుడు సముద్రమున్న చోటును నదులు తెచ్చిన మన్ను పూడ్చి నేలగా మార్చిందని నిర్ధారించారు. గోదావరి ఒడ్డున ఉండే మనకు ఇది కొత్తగా తోచదు. వరద తీసిన తరువాత ఒండ్రు పరుచుకోవడం మనం చూస్తూనే ఉన్నాము.

మరి సాంద్రత మాటేమిటి? పుస్తకం తప్పు చెప్పిందా? తప్పు చెప్పలేదు. ఏ చోట ఏ సూత్రం వర్తిస్తుందో మేము గ్రహించలేదు. ఇంట్లో పెట్టె అడుగున దూది బొంత పరచి, దానిపై ఇత్తడి బిందె పెట్టండి. ఏళ్ళు గడిచినా బొంత పైకి రాదు, బిందె కిందికి దిగదు. కదలలేని చోట బరువు తన స్థానాన్ని వెతుక్కోలేదు. గ్లాసులో నూనె, నీరు పోస్తే మాత్రం నిమిషంలో వేరుపడతాయి. ఎందుకంటే అవి కదలగలవు.

భూమి కూడా ఒకప్పుడు అలా కదలగలిగే స్థితిలో ఉండేది. సుమారు 450 కోట్ల సంవత్సరాల క్రితం భూమి లోపలి పదార్థం చాలా భాగం కరిగి ఉన్న కాలంలో ఇనుము, నికెల్ వంటి బరువైన లోహాలు కేంద్రానికి దిగిపోయాయి. తేలికైన రాతి పదార్థం పైకి చేరింది. ఈ విషయం ఎవరూ తవ్వి చూసి చెప్పినది కాదు. కేంద్రం వరకు 6,371 కిలోమీటర్లుంటే, రష్యాలోని కోలా వద్ద మనిషి వేసిన అతి లోతైన రంధ్రం 12 కిలోమీటర్లు దాటి కొంచెమే వెళ్ళింది. మరి ఎలా తెలిసింది? హెన్రీ కావెండిష్ 1798లో భూమి మొత్తం సాంద్రతను లెక్కగట్టారు. అది నీటికి దాదాపు ఐదున్నర రెట్లు. పైనున్న రాళ్ళేమో రెండున్నర నుండి మూడు రెట్లే. అంటే లోపల ఎంతో బరువైనది ఏదో ఉండి తీరాలి. భారత భూగర్భ సర్వేక్షణ సంస్థలో పనిచేసిన రిచర్డ్ ఓల్డ్‌హామ్ 1906లో భూకంప తరంగాల ఆధారంగా భూమికి కేంద్రకం ఉన్నదని చూపారు. దాని మధ్యన గట్టి గోళం ఒకటి ఉన్నదని 1936లో ఇంగే లేమన్ అనే డెన్మార్క్ శాస్త్రవేత్త్రి కనుగొన్నారు.

గనిలోని బండకు కదలిక లేదు కనుక అక్కడ కాలం వరుస నిలిచింది. అదే బండను పగలగొట్టి కదలికనిస్తే సాంద్రత మళ్ళీ తన పని చేస్తుంది. వాషరీలలో జరిగేది ఇదే. మాగ్నటైట్ అనే ఇనుప ఖనిజపు పొడిని నీటిలో కలిపి, బొగ్గుకన్నా చిక్కగా, రాతికన్నా పలుచగా ఉండే ద్రవాన్ని తయారుచేస్తారు. అందులో వేస్తే బొగ్గు తేలుతుంది, రాయి మునుగుతుంది.

మా పొరపాటు ఇంతటితో ముగిసి ఉంటే ఈ వ్యాసం రాసేవారము కాదు. నాలుగు రోజుల తరువాత మదరసా వెనుకనున్న పాత బావిలో చేద జారిపడింది. వాడకం లేని బావి. అడుగున కొద్దిపాటి నీరు, కుళ్ళిన ఆకులు. ఒక పెద్ద విద్యార్థి తాడు పట్టుకొని దిగబోతుండగా చాచా చూసి, గట్టిగా కేక వేసి ఆపారు. లాంతరు వెలిగించి తాడుతో మెల్లగా దించారు. సగం లోతు దాటేసరికి వెలుగు కుంచించుకుపోయి, ఆరిపోయింది. రెండవసారి దించినా అంతే. పిల్లలు నిశ్చేష్టులయ్యారు. మా సంగతి చెప్పనక్కరలేదు. చేదను తరువాత పాతాళగరిగెతో పైనుండే తీశాము.

వాయువులకు ఎప్పుడూ కదలిక ఉంటుంది. కాబట్టి సాంద్రత అక్కడ వెంటనే పనిచేస్తుంది. కార్బన్ డయాక్సైడ్ గాలికన్నా సుమారు ఒకటిన్నర రెట్లు బరువైనది. గాలి ఆడని బావి అడుగున అది కంటికి కనబడకుండా నిలుస్తుంది. మీథేన్ గాలిలో సగం బరువే కనుక గనిలో పైకప్పు కింద చేరుతుంది. అందుకే పూర్వం గనులలో, 1815లో హంఫ్రీ డేవీ రూపొందించిన తరహా రక్షణ దీపాన్ని పట్టుకొని, మంటే వాయువు కోసం పైకెత్తి, ఊపిరి ఆపే వాయువు కోసం కిందికి దించి పరీక్షించేవారు. చాచా బ్రతుకంతా ఆ దీపం చెప్పిన మాట మీదే నడిచింది.

సోదరీ సోదరులారా, ఈ నాలుగు సంగతులు ఇంట్లో అందరికీ చెప్పండి.

ఒకటి, పాత బావిలోకి, సెప్టిక్ ట్యాంకులోకి ఎవరినీ దిగనీయకండి. లోపల ఒకరు పడిపోతే వెనుకనే దిగకండి. ఒకరి వెంట ఒకరు దిగి ప్రాణాలు కోల్పోయిన కుటుంబాలున్నాయి. 101కి ఫోన్ చేయండి.

రెండు, దీపం వెలుగుతున్నంత మాత్రాన ప్రమాదం లేదనుకోకండి. సెప్టిక్ ట్యాంకులోకి దీపం అసలే దించకండి. అక్కడ మండే వాయువు ఉండవచ్చు.

మూడు, వంట గ్యాసు గాలికన్నా బరువైనది. లీకైతే నేల మీద, మంచాల కింద పరుచుకుంటుంది. వాసన రాగానే స్విచ్చులు ముట్టకుండా, అగ్గిపుల్ల గీయకుండా తలుపులు, కిటికీలు తెరవండి. సిలిండరును మూసి అందరూ బయటకు రండి.

నాలుగు, మన బొగ్గు ప్రాంతంలో చలికాలం కుంపటి పెట్టుకొని పడుకునే అలవాటు ఇంకా కొన్ని ఇళ్ళలో ఉంది. బొగ్గు నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడ్ ఇంచుమించు గాలితో సమానమైన బరువు గలది. అది పైకీ పోదు, కిందికీ దిగదు, గదంతా కలిసిపోతుంది. దానికి వాసన లేదు. మూసిన గదిలో కుంపటి ఎన్నడూ ఉంచకండి.

మరునాడు తరగతిలో మేము పిల్లలతో, "ఆనాడు మీకు తప్పు చెప్పాము. బొగ్గు తేలికైనదే" అన్నాము. ప్రశ్న అడిగిన బాలుడు సిగ్గుతో తల దించుకున్నాడు. వాడిని దగ్గరకు పిలిచి కూర్చోబెట్టుకున్నాము. వాడు ఆ ప్రశ్న అడిగి ఉండకపోతే చాచా మా మదరసాకు రాకపోకలు మొదలుపెట్టేవారు కాదు, ఆ రోజు బావి దగ్గర ఉండేవారూ కాదు. మీ ఇంటి పిల్లలు ప్రశ్న అడిగినప్పుడు తొందరపడి జవాబు చెప్పకండి. ఒక గిన్నె, కొన్ని నీళ్ళు, ఒక తక్కెడ తెచ్చి వారితో కలిసి కూర్చోండి.