సంపాదకుని మాట: మగ్గము నేర్పిన ఓనమాలు

నేటి కర్మాగారములలో అంకెలే యంత్రములను నడుపుచున్నవని విని విస్తుపోవువారు, 1804 ప్రాంతమున ఫ్రాన్సు దేశమందలి లియాన్ నగరమున జకార్డు అనునతడు, రంధ్రములు పొడిచిన అట్టల వరుసచే మగ్గమునకు పూలనేత నేర్పెనని, రంధ్రమున్నచోట పోగు లేచుట, లేనిచోట లేవకుండుట యను ఆ రెండు మాటలే కంప్యూటరు భాషకు ఓనమాలని మరచుచున్నారు. 2011లో జర్మనులు హానోవరు ప్రదర్శనమున, అంకెలు కర్మాగారములను నడుపు ఈ పద్ధతికే 'ఇండస్ట్రీ 4.0' అని నామకరణము చేసిరి, పేరుకేమి, పెట్టవచ్చును! మాకు మాత్రము, ఆసు పోయుటకై చీర చీరకు వేలమారులు మేకుల నడుమ నూలుతో చేయి త్రిప్పి త్రిప్పి తల్లి భుజము పట్టుకొనిపోవుట చూడజాలక, 1999 నాటికి ఆసుయంత్రమును సాధించి, పిదప దానికి ఎలక్ట్రానిక్ నియంత్రణమును గూడ సమకూర్చిన చింతకింది మల్లేశం గారి కథయే ముచ్చట. ఆ యంత్రమునకు ఆయన పెట్టిన పేరు తల్లిదే, లక్ష్మి. ఈ సంచికలో మగ్గము మొదలు మరమనిషి దాకా వ్యాసములు కలవు. ముందుగా మగ్గమునే చదువుడని మనవి.