కుందేలు పిల్లల్ని ఈ ఆదివారం పంచొద్దు



పోయిన నెల గోడపత్రికలో పదో తరగతి అక్క నీళ్ల ట్యాంకు గురించి రాసింది. వారంలోపే ట్యాంకు కడిగించారు. అది చూసి నాకూ ధైర్యం వచ్చింది. నేను కుందేళ్ల గురించి రాస్తున్నాను. నవ్వేవాళ్లు నవ్వుకోండి, కాకపోతే చివరిదాకా చదివి నవ్వండి.

వంటగది వెనక గూట్లో ఉన్న తెల్ల కుందేలు ఏడు పిల్లల్ని పెట్టిన సంగతి అందరికీ తెలుసు. ఈ రోజుకి వాటికి 20 రోజులు. ఆదివారం మన అమ్మానాన్నలు మనల్ని చూడడానికి వస్తారు. ఆ రోజు అడిగినవాళ్లకు పిల్లల్ని ఇచ్చేస్తారని అంటున్నారు. అప్పటికి వాటికి 24 రోజులు. ఇవ్వకూడదని నా అభిప్రాయం. అసలే వద్దని కాదు. ఇంకో నెల ఆగి ఇవ్వాలి.

ఎందుకంటే మొదటి ఈత మీరు మర్చిపోయి ఉంటారు, నేను మర్చిపోలేదు. వానాకాలంలో ఆరు పిల్లలు పుట్టాయి. కళ్లు తెరిచాయి, చెవులు నిలబడ్డాయి, గూట్లో గెంతుతున్నాయి, ఇంకేం పెద్దవైపోయాయి అనుకుని 25వ రోజున అన్నిటినీ ఒకేసారి తీసి వేరే అట్టపెట్టెలో పెట్టాం. అందులో నేనూ ఉన్నాను. పెట్టె మోసింది నేనే. మనం తినే అన్నం, క్యాబేజీ ఆకులు వేశాం. రెండో రోజుకే విరేచనాలు పట్టుకున్నాయి. వెనక కాళ్లన్నీ తడిసిపోయి, కడుపులు ఉబ్బి, ఒక మూలకి చేరి ముడుచుకుపోయాయి. వారంలో నాలుగు చచ్చిపోయాయి. మునగచెట్టు కింద పాతిపెట్టాం. తల్లికేమో పాలు తాగేవాళ్లు లేక చన్నులు గట్టిపడి వేడెక్కిపోయాయి. రెండు రోజులు గడ్డి ముట్టలేదు. అప్పుడందరూ "దిష్టి తగిలింది" అన్నారు. దిష్టి కాదు. మనం చేసిన పనే.

తర్వాత పశువుల డాక్టరు గారు మేకలకు సూదులు వేయడానికి మన ఊరివైపు వచ్చినప్పుడు సైన్సు సారు ఆయన్ని గూటి దగ్గరికి తీసుకొచ్చారు. ఆయన చెప్పినవి నోటుబుక్కులో రాసుకున్నాను. ఈ ఈత పుట్టినప్పటి నుంచి నేను కూడా రోజూ చూసి రాస్తున్నాను.

కుందేలు పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద వెంట్రుక ఉండదు, కళ్లు మూసుకుని ఉంటాయి. పది పన్నెండు రోజులకు కళ్లు తెరుస్తుంది. మూడో వారంలో గూడు పెట్టెలోంచి బయటికొచ్చి తల్లి తినే గడ్డి కొరుకుతుంది. అది చూసి మనం తినడం వచ్చేసింది అనుకుంటాం. కొరకడం వేరు, అరిగించుకోవడం వేరు. అప్పటిదాకా దాని కడుపుకి పాలే అలవాటు. గడ్డి అరగాలంటే పేగుల్లో కంటికి కనబడని సూక్ష్మజీవులు చేరాలి. అవి తల్లి నుంచే వస్తాయట. తల్లి గూట్లో కొన్ని పెంటికలు వదులుతుంది, పిల్లలు అవి తింటాయి. (ఛీ అనకండి. పెద్ద కుందేలు కూడా తన మెత్తటి పెంటికల్ని తానే తింటుంది. దానికి అదే బలం.) ఆ పని పూర్తికాక ముందే పాలు మాన్పించి, తెలియని మేత వేసి, తెలియని చోట పెడితే కడుపు పాడవుతుంది. అందులోనూ అన్నం లాంటిది అసలు పెట్టకూడదు.

ఇంకో మాట. తల్లి కుందేలుకి 20 రోజుల చుట్టుపక్కలే పాలు బాగా ఎక్కువగా వస్తాయి. తర్వాత మెల్లగా తగ్గుతాయి. అంటే సరిగ్గా పాలు నిండుగా ఉన్న రోజుల్లోనే మనం పిల్లల్ని తీసేద్దాం అంటున్నాం.

మా రూమ్‌లో ఒక స్నేహితురాలు నాతో వాదించింది. "ఆ తల్లికి ప్రేమే లేదు. పిల్లల దగ్గర పడుకోదు, ఎప్పుడు చూసినా దూరంగానే కూర్చుంటుంది. అలాంటి దాని దగ్గర ఉంటే ఎంత, లేకపోతే ఎంత?" అంది. నేను కూడా మొదట అలాగే అనుకున్నాను. కానీ కుందేలు రోజుకి ఒకసారో రెండుసార్లో పాలిస్తుంది, అది కూడా మూడు నాలుగు నిమిషాలే. స్టడీ అవర్ అయ్యాక ఒకసారి, తెల్లవారుజామున బాత్రూమ్‌కి వెళ్లేటప్పుడు ఒకసారి టార్చి ఆర్పేసి నిలబడి చూశాను. రెండుసార్లు కంటబడింది. గబుక్కున వచ్చింది, పిల్లల మీద నిలబడింది, ఇచ్చింది, పోయింది. అడవిలో ఉండే రోజుల నుంచి వచ్చిన అలవాటు అది. తల్లి ఎక్కువసేపు కూర్చుంటే ఆ వాసనకి నక్క వచ్చేస్తుంది. దూరంగా ఉండడం దాని కాపలా. ప్రసవానికి ముందు తన ఒంటి వెంట్రుకలు తానే పీకి పిల్లలకి పరుపు వేసింది. ప్రేమ లేనిది అలా చేస్తుందా?

మా తాత ఇంకోలా అన్నాడు. "అడివిలో చెవులపిల్లికి ఎవరు సాకుతున్నారమ్మా? రెండు రోజులకే గెంతుతాది." నిజమే. కానీ చెవులపిల్లి వేరు, మన గూట్లోది వేరు. చెవులపిల్లి పిల్ల ఒంటి నిండా బొచ్చుతో, కళ్లు తెరిచే పుడుతుంది. గడ్డి దుబ్బులోనే ఉంటుంది. తెల్ల కుందేలు జాతి సీమ నుంచి వచ్చింది, అది నేలలో బొరియ తవ్వుకుని గుడ్డి పిల్లల్ని కనే జాతి. తాతకి ఇది చెప్తే కొంచెంసేపు ఆలోచించి, "అయితే మేకపిల్లకి చేసినట్టు చెయ్యండి" అన్నాడు. మేకపిల్లని మనం ఒక్క రోజులో తల్లి నుంచి వేరు చేస్తామా? కొంచెంసేపు గంప కింద మూస్తాం, మళ్లీ వదులుతాం, చిగురు అలవాటు చేస్తాం. మా నానమ్మ అయితే, "కోడి తన పిల్లల్ని తానే పొడిచి తరుముతాది, మనం తరమక్కర్నేదు" అంటుంది.

మేట్రన్ అమ్మగారు చెప్పినదాంట్లో ఒక నిజం ఉంది. పిల్లలు పెద్దవై మీదపడి తాగుతుంటే తల్లి చిక్కిపోతుంది అన్నారు. అవును. అందుకే గూట్లో ఒక మూల చెక్క బల్లలాంటిది కడితే, పిల్లలు వెంటపడినప్పుడు తల్లి దాని మీదకి ఎగిరి కూర్చుంటుంది. విసుగొచ్చిన తల్లికి ఒక చోటు కావాలి కదా. అంతకన్నా ముఖ్యం, మగ కుందేలుని అదే గూట్లో ఉంచకూడదు. ఈనిన రోజే మళ్లీ చూలు కట్టగలదు కుందేలు. కడుపులో ఒక ఈత, చంకలో ఒక ఈత ఉంటే ఎవరైనా చిక్కిపోతారు. మగదానికి వేరే గూడు కట్టాలి. పాత బెంచీ చెక్కలు స్టోర్ వెనక పడి ఉన్నాయి. మేం కడతాం, సుత్తి, మేకులు ఇప్పించండి చాలు.

పంచే పద్ధతి కూడా మారాలి. ఆరు వారాలు నిండాక పాలు మాన్పించొచ్చు, ఇళ్లకి పంపడానికి ఎనిమిది వారాలు ఆగితే ఇంకా మంచిది. అన్నిటినీ ఒకే రోజు తీయకూడదు. ముందు బలంగా ఉన్నవి రెండు, నాలుగు రోజులాగి ఇంకో రెండు, చిన్నవి అన్నిటికన్నా చివర. అలా చేస్తే తల్లి పాలు కూడా గడ్డకట్టకుండా మెల్లగా తగ్గుతాయి. ఇక చివర మిగిలినవాటిని తీయకుండా తల్లినే వేరే గూట్లోకి మార్చాలి. పిల్లలకి తెలిసిన చోటు, తెలిసిన వాసన, తెలిసిన గిన్నె అలాగే ఉంటాయి. తల్లి ఒక్కటే పోతుంది. అన్నీ ఒకేసారి పోకూడదు.

ఇది నాకు ఎందుకు అర్థమైందంటే, మూడో తరగతిలో నన్ను హాస్టల్లో చేర్చినరోజు మా అయ్య బిస్కెట్లు కొనుక్కొస్తానని సంతలోకి వెళ్లి మళ్లీ రాలేదు. నేను ఏడుస్తానని భయపడ్డాడంట. ఆ హాస్టల్లో తెలుగు సరిగ్గా రాదని నాతో ఎవరూ మాట్లాడలేదు. చోడి అంబలి తాగే కడుపుకి సాంబారన్నం పడలేదు. వారం రోజులు నాకూ విరేచనాలే. ఊరి నుంచి మా పెద్దమ్మ కూతురు ఐదో తరగతిలో ఉండేది, ఆమెని వేరే రూమ్‌లో వేశారు. ఆమె పక్కన పడుకోనిచ్చి ఉంటే ఆ వారం ఇంకోలా ఉండేది. జూన్‌లో చిన్నపిల్లలు వచ్చినప్పుడు మేడమ్ గారు ఈ సంగతి కూడా ఆలోచిస్తారని ఇక్కడే రాసేస్తున్నాను, మళ్లీ రాసే ధైర్యం ఉంటుందో ఉండదో.

ఆదివారం ఎవరి అమ్మానాన్నలైనా అడిగితే పేర్లు రాసుకుందాం. తర్వాత వచ్చినప్పుడు ఇద్దాం. ఇచ్చేటప్పుడు జంటగా ఇద్దాం, ఒంటరిగా వద్దు. ఇక్కడ తిన్న గడ్డే నాలుగు రోజులకి సరిపడా కట్టి ఇద్దాం. మంచు తడి ఉన్న గడ్డి వేయొద్దని, నీళ్లు ఎప్పుడూ పెట్టాలని, మూడు నెలలు నిండేలోపు ఆడవాటిని, మగవాటిని వేరు చేయాలని చెప్పి ఇద్దాం. ఇప్పుడు పాడేరు వైపు చలి ఎలా ఉందో మీకే తెలుసు. రెండు దుప్పట్లు కప్పుకున్నా మనకి తెల్లవార్లూ కాళ్లు వేడెక్కవు. 24 రోజుల పిల్లని ఒంటరిగా సంచిలో పెట్టి జీపు టాపు మీద పంపిస్తే ఊరు చేరుతుందా?

ఏడింటిలో అన్నిటికన్నా చిన్నది, చెవి మీద బూడిదరంగు మచ్చ ఉన్నది, నిన్న రాత్రి మొదటిసారి గడ్డిపరక నోట్లో పెట్టుకుంది. సగం నమిలింది. తర్వాత దాన్ని వదిలేసి తల్లి పొట్ట కిందికి దూరిపోయింది.

— 9వ తరగతి విద్యార్థిని