నిఘా చిట్టాలోంచే చొరబాటు

సాఫ్ట్‌వేర్ ఏ పనిని, ఎప్పుడు, ఎవరు అడిగితే చేసిందో ఎప్పటికప్పుడు నమోదు చేసే చిట్టాను ‘లాగ్’ అంటారు. ఈ నమోదు కోసం ప్రోగ్రామర్లు ప్రతిసారీ కొత్తగా కోడ్ రాయరు. సిద్ధంగా దొరికే లాగింగ్ లైబ్రరీలను తమ ప్రోగ్రాములో కలుపుకుంటారు. చొరబాటు జరిగితే దర్యాప్తు మొదలయ్యేది ఈ చిట్టాతోనే కనుక దానిని కాపలాదారుగా భావించడం పరిపాటి. ఆ భావన వల్లనే, చిట్టాలోకి చేరే అక్షరాలలో అధిక భాగం బయటివారు టైపు చేసినవేనన్న సంగతి మరుగున పడిపోతుంది.

2022 జనవరిలో అపాచీ సంస్థ వెల్లడించిన సీవీఈ-2022-23305 అనే భద్రతా లోపం ఇందుకు తిరుగులేని ఉదాహరణ. జావా ప్రోగ్రాములలో విస్తారంగా వాడిన లాగ్‌ఫోర్‌జే 1.2 లైబ్రరీలో, చిట్టాను ఫైలుకు బదులు డేటాబేస్‌లోకి పంపే ‘జేడీబీసీ అపెండర్’ అనే భాగం ఉంది. డేటాబేస్‌కు ఇచ్చే ఎస్‌క్యూఎల్ ఆదేశాన్ని ఇది ఒక మూసగా తీసుకుని, నమోదు చేయవలసిన సందేశాన్ని అందులో ఉన్నదున్నట్టుగా అతికిస్తుంది. సందేశంలో ఒక కొటేషన్ గుర్తు ఉంటే చాలు, సమాచారం అక్కడితో ముగిసిందని భావించిన డేటాబేస్ తరువాతి అక్షరాలను ఆదేశంగా చదువుతుంది. జీడిపప్పు కర్మాగారంలో కూలీల పేర్లు రాసుకునే గుమాస్తా, ఎవరో తన పేరుకు బదులు ‘పై వరుస కొట్టెయ్’ అని చెబితే ఆ మాటలను పేరుగా రాయకుండా నిజంగానే పై వరుస కొట్టేయడం వంటిదే ఈ పొరపాటు.

దాడి చేసేవారికి పాస్‌వర్డ్ తెలియనక్కరలేదు. లాగిన్ విఫలమైనప్పుడు యూజర్ పేరును చిట్టాకు ఎక్కించడం సర్వసాధారణం కనుక, ఆ పేరు గడిలోనే ఎస్‌క్యూఎల్ ముక్కను టైపు చేస్తే సరిపోతుంది. ఒకేసారి రెండు ఆదేశాలను అనుమతించే అమరిక ఉన్నచోట పట్టికలనే తుడిచివేయవచ్చు. అది లేనిచోట కూడా చిట్టాలో బూటకపు వివరాలు చేర్చడానికి అవకాశం ఉంటుంది. అయితే ఈ అపెండర్‌ను ప్రత్యేకంగా అమర్చుకున్న వ్యవస్థలకే ముప్పు. లాగ్‌ఫోర్‌జే వాడిన ప్రతిచోటా కాదు. 2021 డిసెంబరులో ప్రపంచాన్ని కుదిపిన ‘లాగ్‌ఫోర్‌షెల్’ రెండో తరం లైబ్రరీకి చెందిన వేరే లోపం. మొదటి తరానికి అపాచీ 2015 ఆగస్టులోనే మద్దతు ఆపివేసింది కనుక, ఆరున్నరేళ్లకు బయటపడిన ఈ లోపానికి ఆ సంస్థ నుంచి సవరణ రాలేదు. ఇలా ఆదేశాలను చొప్పించే ‘ఎస్‌క్యూఎల్ ఇంజెక్షన్’ 1998 నుంచే బహిరంగంగా తెలిసిన దాడి అయినప్పటికీ, వెబ్ ఫారాల విషయంలో నేర్చుకున్న జాగ్రత్త చిట్టా దాకా చేరకపోవడం విచారకరం.

ఈ చర్చ శ్రీకాకుళం జిల్లాలోని ఉద్దానం ప్రాంతానికి దూరమైనది కాదు. కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో కారణం ఇదమిత్థంగా తేలని దీర్ఘకాలిక మూత్రపిండాల వ్యాధి తరాలను పీడిస్తోంది. పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం, 200 పడకల ఆసుపత్రి 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఇక్కడి రోగికి రక్తంలోని క్రియాటినిన్ విలువ కేవలం వైద్య సమాచారం కాదు. పింఛను అర్హత కూడా ఇటువంటి అంకెల మీదే ఆధారపడుతుంది. డేటా భద్రత అంటే వివరాలు బయటికి పొక్కకుండా చూడడమేనన్న అవగాహన ఇక్కడ చాలదు. పొక్కిన వివరం పెళ్లి సంబంధాన్ని చెడగొట్టవచ్చు గాని, మారిన అంకె చికిత్సనే తప్పుదారి పట్టించగలదు. రోగుల పట్టికలూ చిట్టా ఒకే డేటాబేస్‌లో, ఒకే అధికారంతో నడిచే వ్యవస్థలో ఇటువంటి లోపం ఉంటే, అంకె మార్చినవారే మార్చిన జాడనూ చెరిపివేయగలరు; అప్పుడు తన రిపోర్టు నిజమని నిరూపించుకునే భారం టెక్కలి బస్సెక్కి కార్యాలయాల చుట్టూ తిరిగే రోగి మీదే పడుతుంది.

కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లను 180 రోజుల పాటు భద్రపరచాలనీ, సైబర్ ఘటనలను 6 గంటలలోగా తెలియజేయాలనీ కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఆదేశించింది. అవసరమైన ఆదేశమే. కాని చిట్టా పెరిగేకొద్దీ దానిలోని వ్యక్తిగత వివరాలూ పెరుగుతాయి కనుక, నిల్వ చేసే బాధ్యతతో పాటు దానిని కల్తీ కాకుండా కాపాడే బాధ్యతనూ సంస్థలు అంతే గట్టిగా తీసుకోవాలి.

పరిష్కారం ఖరీదైనది కాదు. ఆదేశాన్ని ముందుగా డేటాబేస్‌కు పంపి, విలువలను ఆ తరువాత విడిగా అందించే పారామీటర్ పద్ధతిలో, బయటి అక్షరాలు ఎన్నటికీ ఆదేశంగా మారలేవు. లాగ్‌ఫోర్‌జే 2లోని జేడీబీసీ అపెండర్ ఈ పద్ధతినే అనుసరిస్తుంది. పాత ప్రోగ్రామును వెంటనే మార్చలేనివారి కోసం 2022లోనే ‘రీలోడ్‌ఫోర్‌జే’ అనే సవరించిన రూపం వచ్చింది. చిట్టా రాసే ఖాతాకు కొత్త వరుస చేర్చే అనుమతి తప్ప చదివే, తుడిచే అధికారం ఇవ్వకపోవడం మరింత సులువైన రక్షణ. కష్టమల్లా పాత లైబ్రరీ ఎక్కడ దాగి ఉందో కనిపెట్టడమే; ఒక ప్యాకేజీలో మరొకటిగా ఒదిగిపోయిన కోడ్ కొన్న సంస్థకే కాదు, అమ్మిన సంస్థకు కూడా కనిపించకపోవచ్చు. సాఫ్ట్‌వేర్‌లో వాడిన భాగాల పూర్తి జాబితాను తయారు చేయడంపై సెర్ట్-ఇన్ 2024 అక్టోబరులో మార్గదర్శకాలు వెలువరించింది. ఆసుపత్రుల, పింఛన్ల సాఫ్ట్‌వేర్ టెండర్లలో ఆ జాబితాను తప్పనిసరి షరతుగా చేర్చి, మద్దతు ముగిసిన లైబ్రరీ కనిపిస్తే దానిని మార్చేదాకా చెల్లింపు నిలిపివేసే అధికారాన్ని ఒప్పందంలోనే రాసుకోవాలి.