వేలు ఒకరిది, ఎంపిక ఇంకొకరిదా?

పెళ్ళి పెద్దలారా! ఉంగరాలు మార్చుకోబోయే అమ్మాయిలూ, అబ్బాయిలూ!

మాఘమాసం ముహూర్తాల్లో మన ఊరి కల్యాణమండపంలో జరిగిన నిశ్చితార్థం సంగతి ఈపాటికి అందరి చెవినా పడే ఉంటుంది. అమ్మాయి స్టాఫ్ నర్సు. అబ్బాయి మేనత్త ఎంచి తెచ్చిన ఉంగరం ఆమె వేలి కణుపు దగ్గర ఆగిపోయింది. "తొయ్యండి సార్, ఫొటో మిస్సవుతుంది" అన్నాడు ఫొటోగ్రాఫరు. తోశారు. సబ్బు రాసి మరీ తోశారు. ఫొటో బాగానే వచ్చింది. తెల్లారేసరికి వేలు వాచి నల్లబడింది, ఉంగరాన్ని కట్టర్‌తో కోసి తీయాల్సి వచ్చింది. అంతటితో ఆగి ఉంటే ఈ కరపత్రం అచ్చయ్యేది కాదు. "శుభమా అని తొడిగితే కోయించుకుంది, అపశకునం" అంటూ నింద ఆ అమ్మాయి మీదే వేశారు! కొలత తీసుకోని పెద్దలు మాత్రం విస్తళ్ళ ముందు నవ్వుతూ కూర్చున్నారు.

ఇది ఒక్క ఇంటి కథ కాదని మీకు మేం చెప్పాలా?

చెప్పులు కొన్నా కాలు పెట్టి చూసుకుంటామే! బతికినన్నాళ్ళూ వేలికి ఉండాల్సిన వస్తువును మాత్రం ఆ వేలు లేకుండా కొంటున్నాం. అత్తగారు ఎంచుతారు, ఆడపడుచు ఔనంటుంది, బాబాయి బరువు చూస్తాడు, వాట్సాప్ గ్రూపులో పదిమంది బొటనవేళ్ళు లేపుతారు. తొడుక్కునే మనిషి దాన్ని మొదటిసారి చూసేది వేదిక మీదే, అదీ కెమెరా ముందు, నవ్వుతూ. నచ్చకపోతే నోరు మూసుకోవాలి, బిగుతైతే పళ్ళు బిగించాలి.

ఇదేమైనా తాతముత్తాతల ఆచారమా? మన ఇళ్ళలో తాంబూలాలు మార్చుకుని, లగ్నపత్రిక రాసుకుంటే సంబంధం ఖాయమైనట్టే. ఉంగరం మన కథల్లో లేదా అంటే ఉంది. ఆంజనేయుడు లంకకు తెచ్చినదీ ఉంగరమే. సీతమ్మ దాని తూకం అడగలేదు, అది ఎవరిదో గుర్తుపట్టి కన్నీళ్ళు పెట్టుకుంది. దుష్యంతుడికి శకుంతలను గుర్తుచేసిందీ ఉంగరమే, దాని మీద ఉన్న రాయి ఎంత పెద్దదో కాదు. మనిషిని గుర్తుచేసేదే మన దృష్టిలో ఉంగరం.

మరి రాయి సైజు పిచ్చి ఎక్కడిది? కృష్ణ ఒడ్డున కొల్లూరు గనుల నుంచి లోకానికి వజ్రాలు పంపిన నేల మనది. 18వ శతాబ్దంలో బ్రెజిల్‌లో గనులు బయటపడేదాకా ప్రపంచానికి వజ్రమంటే ప్రధానంగా మన దేశమే. అయినా వజ్రం లేనిదే సంబంధం కుదరదని మన పెద్దలు ఎన్నడూ అనలేదు. ఆ మాట నేర్పింది 1888లో పుట్టిన డీబీర్స్ కంపెనీ. వజ్రం శాశ్వతమనే దాని నినాదం 1947లో ఒక ప్రకటనల ఏజెన్సీలో తయారైంది. ఉంగరానికి రెండు నెలల జీతం పెట్టాలన్న లెక్క కూడా 1980లలో ఆ కంపెనీ ప్రకటనలు ఊదరగొట్టిందే. ఆ వ్యాపార లెక్కను ఇవాళ మనం శాస్త్రంలా పాటిస్తున్నాం!

ఇక అసలు విషయం. ఏ చేతికి ఏ ఉంగరమో ఆ చెయ్యి రోజంతా చేసే పనే చెబుతుంది.

నర్సుకు, ల్యాబ్‌లో పనిచేసే అమ్మాయికి ఎత్తుగా లేచిన సాలిటైర్ ఇస్తే గ్లోవ్స్ చిరుగుతాయి, రాయి కింద మురికి చేరుతుంది. రోగిని ముట్టుకునే చేతికి ఉంగరాలే వద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆమెకు నున్నటి సన్నని బ్యాండ్ ఇవ్వండి, డ్యూటీలో తీసి మెడగొలుసుకు వేసుకుంటుంది. పసిపిల్లల్ని ఎత్తుకునే టీచరమ్మకు, బట్టలు కుట్టే అమ్మాయికి కొక్కేలు పైకి లేచిన రాయి కంటే, చుట్టూ బంగారు అంచుతో బిగించిన క్లోజ్ సెట్టింగ్ మేలు. పిల్లల చర్మం గీసుకోదు, దారం పట్టుకోదు. లేత్ మిషన్ దగ్గరా, కరెంటు స్తంభం మీదా పనిచేసే అబ్బాయికి ఏ లోహపు ఉంగరమైనా ప్రమాదమే. మిషన్‌కు చిక్కిన ఉంగరం వేలిని పెరికేస్తుంది. నిశ్చితార్థం నాడు తొడిగి, పనివేళ తీసి దాచుకునే వెసులుబాటు అతనికి ముందే ఇవ్వాలి. "మా అమ్మాయి పెట్టిన ఉంగరం తీసేశాడు" అని అలగడం కాదు.

"18 కేరట్లా? తక్కువ బంగారం పెట్టారు" అని మూతి విరిచే వాళ్ళు వినాలి. 22 కేరట్లలో 91.6 శాతం బంగారం ఉంటుంది, కాబట్టే అది మెత్తన. రోజూ పెట్టుకునే ఉంగరంలో దాని కొక్కేలు వదులై రాయి రాలిపోతుంది. అందుకే వజ్రాలను ఎక్కువగా 18 కేరట్ల బంగారంలో, అంటే 75 శాతం బంగారంలో, పొదుగుతారు. ముత్యం, పగడం ముచ్చటైనవే గానీ త్వరగా గీతలు పడతాయి, రోజూ వాడకానికి కెంపూ నీలమే గట్టివి. వైట్ గోల్డ్ మీది రోడియం పూత కొన్నాళ్ళకు పోతుంది, మళ్ళీ వేయించాలి. కొందరి చర్మానికి అందులోని నికెల్ పడదు. ఉంగరం చుట్టూతా రాళ్ళుంటే తర్వాత సైజు మార్చడం కష్టం. ఇవన్నీ తొడుక్కునే మనిషి ఎదురుగా కూర్చుంటే పావుగంటలో తేలేవి.

అబ్బాయిల గోడు ఎవరూ పట్టించుకోరు. నగలంటేనే ఇష్టంలేని కుర్రాడికి సింహం తలకాయ ఉంగరం. జిమ్‌కు వెళ్ళేవాడికి పొడి అక్షరంతో అరతులం పలక. నిశ్చితార్థం మర్నాడే అది బీరువాలోకి పోతుంది. అందులో పోసిన డబ్బు ఆడపిల్ల తండ్రి అప్పు.

ఇక మొహమాటం వద్దు. "మా వాడికి వజ్రపుటుంగరమే పెట్టాలి, ఫలానా షాపులోనే కొనాలి" అని కబురు పెట్టే మగపెళ్ళివారూ, మీరు అడుగుతున్నది ఉంగరం కాదు, కట్నం. 1961 నాటి వరకట్న నిషేధ చట్టం ప్రకారం అడగడమే నేరం. తీసుకునేదాకా ఆగనక్కర్లేదు. ఆరు నెలల నుంచి రెండేళ్ళ దాకా జైలు. ఇష్టపడి ఇచ్చే కానుకలకు కూడా జాబితా రాసి సంతకాలు చేయాలని 1985 నాటి నిబంధనలున్నాయి. ముద్దుగా "లాంఛనం" అని పేరు పెట్టినంత మాత్రాన నేరం మాసిపోదు.

"ముందే చూపిస్తే సర్‌ప్రైజ్ ఏముంటుంది?" అంటారు కుర్రాళ్ళు. రకం అడుగు, కొలత తీసుకో, ఇచ్చే రోజు దాచుకో. "జాతకం ప్రకారం ఈ రాయే పెట్టాలి" అంటారు. దానికి వేరే ఉంగరం చేయించుకోండి. "ల్యాబ్ వజ్రం నకిలీ" అంటారు. అదీ కర్బనమే, అదీ వజ్రమే, పుట్టిన చోటే వేరు. "తిరిగి అమ్మితే ధర రాదు" అంటారు. పెళ్ళి కాకముందే ఉంగరం అమ్ముకునే లెక్క వేసేవారితో మాకు వాదన లేదు.

మేం కోరేది ఇదే:

1. నిశ్చితార్థానికి కనీసం నెల ముందు ఇద్దరూ కలిసి షాపుకు వెళ్ళాలి. పెద్దలు వెంట రావచ్చు, చివరి మాట మాత్రం తొడుక్కునేవారిదే.

2. వేలి కొలత సాయంత్రం పూట తీసుకోవాలి, పొద్దుటి కంటే అప్పుడు వేళ్ళు కాస్త ఉబ్బి ఉంటాయి. కణుపు దాటేలా చూసుకోవాలి. వెడల్పు ఉంగరానికి కాస్త పెద్ద సైజు కావాలి.

3. ఖర్చు ఎంతో రెండు ఇళ్ళూ ముందే చెప్పుకోవాలి. రెండు ఉంగరాలకూ అదే హద్దు. అప్పు చేసి ఉంగరం కొనకూడదు.

4. బిల్లు లేనిదే ఉంగరం తేకూడదు. బంగారం నికర బరువు, రాళ్ళ బరువు, తరుగు, మజూరీ విడివిడిగా రాయించుకోవాలి. రాళ్ళను బంగారం తూకంలో కలిపితే అక్కడే నిలదీయాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి హాల్‌మార్క్ నగ మీద ఆరు అక్షరాంకెల హెచ్‌యూఐడీ ఉండి తీరాలి. దాన్ని బీఐఎస్ కేర్ యాప్‌లో అక్కడికక్కడే సరిచూసుకోవచ్చు.

5. ఉంగరమే వద్దనుకునే జంటను అలా వదిలేయాలి. తాంబూలాలు చాలు.

అమ్మాయిలూ, అబ్బాయిలూ! వైశాఖం ముహూర్తాలు వస్తున్నాయి. మీ ఇష్టం అడగకుండా, మీ కొలత తీసుకోకుండా తెచ్చిన ఉంగరానికి వేలు చాచకండి. వేదిక ఎక్కకముందే కాదనండి. పెద్దలు రెండు రోజులు అలుగుతారు, తర్వాత వాళ్ళే కొలత అడుగుతారు.