విషపుగాలికి కొలత యెక్కడ పెట్టవలెను?

మన దిగువ డెల్టా రైతులకు కొలతను గూర్చి క్రొత్తగా చెప్పవలసినది లేదు. బెజవాడలో ప్రకాశము బ్యారేజి వద్ద కాలువకు విడిచిన నీటి లెక్క యొకటి. నాగాయలంక, కోడూరు శివారు పొలములకు చేరిన నీటి లెక్క మరియొకటి. ఎగువ లెక్క యెంత ఘనముగ నున్నను, శివారున నారుమడి యెండినచో ఆ లెక్క మనకు అన్నము పెట్టదు. నీటి విషయమున ఈ సంగతిని మనము తరతరములుగ ఎరుగుదుము. రసాయనముల వలన పుట్టు విషపుగాలి విషయమున మాత్రము ఎగువ లెక్కతోనే తృప్తి పడుచున్నాము. ఇది సరికాదని మా యభిప్రాయము.

ఒక విషము మనుష్యునకు ఎంత హాని చేయునో తెలియుటకు మూడు చోట్ల కొలత పెట్టవచ్చును. అది వెలువడు గొట్టము వద్ద మొదటిది. మనుష్యుడు పీల్చు గాలిలో రెండవది. పీల్చినవాని శరీరములో మూడవది. మొదటి కొలత సులభము, మూడవది శ్రమతో కూడినది. కాని హాని జరుగునది మూడవ చోటనే గదా! శరీరమే ఈ కాలువకు శివారు.

కొలువవలసినది గాఢతను మాత్రమే కాదు, కాలమును కూడ. మనము చల్లు యూరియాకు మూలమైన అమోనియాను గాలిలోని నత్రజని నుండి తీయు మార్గము కనుగొన్న ఫ్రిట్జ్ హేబరు అను జర్మను రసాయనికుడే, మొదటి ప్రపంచయుద్ధకాలమున విషవాయువులను గూర్చి కూడ పనిచేసెను. గాలిలోని విషపు గాఢతను పీల్చిన కాలముతో హెచ్చవేసిన ఫలితమును బట్టి హాని యుండునని ఆయన సూత్రము. తూములో పారు నీటిని గంటలతో హెచ్చవేసి పొలమునకు చేరిన నీటిని లెక్కించుట వంటిదే యిది. అన్ని విషములకును ఈ సూత్రము సరిగా నొప్పదు. కొన్ని అధిక గాఢతలో క్షణములలోనే ప్రాణము తీయును. అయినను, అరగంట మందు కొట్టినవానిని, దినమంతయు కొట్టినవానిని ఒకే రీతిగ చూడరాదని దీనివలన తెలియుచున్నది.

వాసనను బట్టి తెలిసికొందుమని కొందరందురు. ముక్కు నమ్మదగిన కొలబద్ద కాదు. కొంతసేపటికి అది వాసనకు అలవాటుపడి మొద్దుబారును. బొగ్గుపొగలో నుండు కార్బన్ మోనాక్సైడునకు వాసనయే లేదు.

కొలత తప్పుచోట నున్నచో ఏమగునో 2020 సంవత్సరము మే 7వ తేదీ తెల్లవారుజామున విశాఖపట్టణమువారు చూచిరి. ఆర్.ఆర్. వెంకటాపురము వద్ద ఎల్‌జీ పాలిమర్స్ కర్మాగారపు తొట్టి నుండి స్టైరీను ఆవిరి వెడలి ఊరిమీద క్రమ్మెను. పన్నెండుగురు మరణించిరి, వందలమంది ఆసుపత్రుల పాలైరి. స్టైరీను చల్లగ నుంచవలసిన ద్రవము. వేడి యెక్కినచో తనంతట తానే గట్టిపడుచు మరింత వేడిని పుట్టించును. జాతీయ హరిత ట్రిబ్యునలు నియమించిన విచారణ సంఘమువారు ఆ తొట్టిని పరిశీలించి, అది పాత నమూనాదనియు, దాని మధ్యభాగమునను పైభాగమునను వేడిని కొలుచు సాధనములు లేవనియు తెలిపిరి. అడుగున కొలత యున్నది. ఆపద పైభాగమున పెరిగినది. ఒకచోట కొలిచి అంతట క్షేమమని తలచుటకు ఇంతకన్న కఠినమైన పాఠము వేరొకటి యుండబోదు.

చట్టపు హద్దులోపల నున్నచో చాలునందురా? 2009లో మన దేశమున ఏర్పరచిన ప్రమాణముల ప్రకారము, గాలిలోని మిక్కిలి సన్నని ధూళి, అనగా 2.5 మైక్రానులకు మించనిది, ఏడాది సగటున ఘనమీటరునకు 40 మైక్రోగ్రాములు దాటరాదు. ప్రపంచ ఆరోగ్య సంస్థవారు 2005లో దీనికి 10 హద్దుగా సూచించి, 2021లో దానిని 5నకు తగ్గించిరి. ఊపిరితిత్తులు మారలేదు, తెలివి పెరిగి హద్దు మారినది. కావున నేటి హద్దు నిన్నటి రాజీ యని గ్రహించి, దానిని అభయహస్తముగ భావింపరాదు.

ఇక మన పొలములకు వత్తము. కర్మాగారము దూరమున నున్నదని మనము నిశ్చింతగ నుండుటకు వీలులేదు. మందు కొట్టు స్ప్రేయరు కూడ ఒక పొగగొట్టమే. మధ్యాహ్నము సముద్రపుగాలి లేచినపుడు దాని తుంపరలు గట్టు దాటి పొరుగు చేనికిని, కాలువగట్టు మీది యిండ్లకును పోవుచున్నవి. డబ్బామీద ఎరుపు, పసుపు, నీలము, ఆకుపచ్చ గుర్తులను మనమందరము చూచినవారమే. ఆ రంగులకు ఆధారమైన కొలతను ట్రెవాన్ అను ఆంగ్లేయ శాస్త్రజ్ఞుడు 1927లో ప్రవేశపెట్టెను. పరీక్షకు పెట్టిన జంతువులలో సగము చచ్చుటకు ఎంత మందు కావలెనో అదియే ఆ కొలత. నోటిద్వారా ఇచ్చినపుడు శరీరపు బరువు కిలోగ్రామునకు 50 మిల్లీగ్రాములలోపుననే సగము చచ్చినచో ఎరుపు. 500 వరకు పసుపు. 5000 వరకు నీలము. అంతకు మించినచో ఆకుపచ్చ. ఈ కొలత వెంటనే కలుగు మృత్యువును చెప్పును గాని, పది పంటకాలములు పీల్చినవాని నరములు ఏమగునో చెప్పదు. ఆకుపచ్చ గుర్తు చూచి ముక్కునకు గుడ్డయైన కట్టకుండ కొట్టువారు దీనిని గమనింతురు గాక.

శరీరములో కొలుచుట యెట్లు? క్లోరిపైరిఫాస్, ప్రొఫెనోఫాస్ వంటి ఆర్గానోఫాస్ఫేటు మందులును, కార్బమేటులును, నరముల పనికి అవసరమైన కోలినెస్టరేజ్ అను పదార్థమును అణచివేయును. రక్తపరీక్షతో దీనిని తెలిసికొనవచ్చును. అయితే ఇది ఆరోగ్యవంతులలో సయితము మనిషికిని మనిషికిని మిక్కిలి భేదించును. కావున మందు పట్టకముందే ఒకసారి కొలిచి యుంచినగాని, తరువాతి అంకెకు అర్థముండదు. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రమున 1974 నుండి ఈ పద్ధతి యున్నది. పనివాని అంకె తొలి కొలతలో 80 శాతమునకు తగ్గినచో పని జరుగు తీరును విచారింతురు. ఎఱ్ఱకణములలోని అంకె 70 శాతమునకు దిగినచో ఆ పని మాన్పింతురు. మరల 80 శాతమునకు వచ్చు వరకు చేయనీయరు. పైరెత్రాయిడ్ల వంటి ఇతర మందులకు ఈ పరీక్ష పనికిరాదు. అయినను అసలు కొలతయే లేనిదానికన్న ఇది మేలు.

ముందు కొలత లేకున్నచో కలుగు చిక్కును మన పొరుగున ఏలూరు చూపినది. 2020 డిసెంబరులో అచ్చట వందలమంది మూర్ఛలతో ఆసుపత్రికి చేరిరి. మొదట రోగుల రక్తములో సీసము, నికెలు కనబడెననిరి. పిమ్మట పురుగుమందుల అవశేషములు ముఖ్యకారణమై యుండవచ్చుననిరి. రోగము వచ్చిన పిమ్మట వెదకుట, నీరు పోయిన పిమ్మట గట్టు వేయుట వంటిది.

ఖర్చెవరు భరింతురని సభ్యులు అడుగవచ్చును. వడ్లు అమ్ముటకు ముందు తేమ కొలిపించుచున్నాము. 17 శాతము దాటెనా, మరల ఆరబోయుచున్నాము. భూసారమును పరీక్షింపించుచున్నాము. వడ్లకును మట్టికిని ఉన్న కొలత మందు కొట్టు మనుష్యునకు ఏల లేదు? కొట్టివచ్చిన కూలీ సాయంకాలము తల తిరుగుచున్నదని అరుగుమీద చతికిలబడుట చూడనివారు మనలో నుండరు. ఎండదెబ్బ యని మజ్జిగ యిచ్చి పంపుచున్నాము. అతడు పెక్కుచోట్ల సంఘమున సభ్యుడు కాడు, భూమి లేదు గనుక. మన పంట లాభమునకు అతని దేహము శివారు. శివారును మరచినవారిని మనమెన్నడును క్షమించి యెరుగము. ఇప్పుడు ఆ తప్పు మనదే యగుచున్నది.

కావున మచిలీపట్టణము, గుడివాడ, దివిసీమ ప్రాంతముల సంఘములవారికి మా మనవి యిది. సార్వా మందులు మొదలగుటకు ముందు, పంట నడుమ మరియొకసారి, మందు కొట్టువారందరికి, సభ్యులైనను కాకున్నను, సంఘపు ఖర్చుతో రక్తపరీక్ష చేయింపవలెను. ఏ మందు, ఏ రంగు గుర్తు, ఎన్ని గంటలు, గాలి యేదిక్కు, ఎవరికి ఏమి బాధ కలిగినది అను వివరములను సంఘమున ఒక పుస్తకములో వ్రాయవలెను. అంకె తగ్గినవానికి కూలి తగ్గింపక వేరు పని యీయవలెను. కూలి పోవునను భయమున్నచో ఎవడును పరీక్షకు చేయి చాపడు. కర్మాగారములు, మిల్లులు ఉన్నచోట కాలుష్య నియంత్రణ మండలివారు గొట్టము వద్దనే గాక, గాలివాలున నున్న గ్రామములలోను కొలువవలెనని సంఘములు తీర్మానించి పంపవలెను.

కొలత వలన విషము తగ్గదు, నిజమే. కాని కొలువని నష్టము ఎవరి ఖాతాలోను పడదు. అది అనుభవించువాని ఒంటిలోనే మిగిలిపోవును. లెక్క సరిగా వ్రాయుట సహకారమునకు మొదటి ధర్మము గదా. ఆ ధర్మమును మన పద్దుపుస్తకముల నుండి మన మనుష్యుల వరకు విస్తరింపజేయుదము.